ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు కింద మూడు చోట్ల మరకలు: గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

ఎర్రదుమ్ము

అందరికీ నమస్కారం. నాది పాత డీజిల్ పికప్. మాన్యువల్ గేర్‌బాక్స్, లివర్‌తో వేసుకునే పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్. రాత్రి నిలబెట్టి పొద్దున తీస్తే కింద మూడు మరకలు కనిపిస్తున్నాయి. ఒకటి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట, నల్లగా. ఇంకోటి ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) కింద, గోధుమ రంగులో. మూడోది వెనక డిఫరెన్షియల్ (డిఫ్, అంటే యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుండు) మూతి దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి యాక్సిల్‌కి బలం తెచ్చే తిరిగే గొట్టం) వచ్చి కలిసే చోట.

మెకానిక్ కింద నుంచి టార్చి వేసి చూసి, "క్రాంక్ సీలు (ఇంజిన్ షాఫ్ట్ చుట్టూ నూనెని ఆపే రబ్బరు రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలి, పనిలో పనిగా సీళ్లన్నీ మార్చేద్దాం" అన్నాడు. నడపడంలో తేడా ఏమీ లేదు, గేర్లు బాగానే పడుతున్నాయి. నిజంగా అంత పని ఉందంటారా? నా దగ్గర జాకీ, స్టాండ్లు, మామూలు పానాల సెట్టు ఉన్నాయి. ఏది నేను చేసుకోగలను, ఏది పెద్ద పని?

పాతబోల్టు

అప్పుడే దించనివ్వకండి. లోపల ఒత్తిడి పెరిగినా, షాఫ్ట్ ఆడుతున్నా, నూనె ఎక్కువైనా చివరికి కారేది సీలు దగ్గరే. ఆ కారణం అలాగే ఉంటే కొత్త సీలు కూడా కొన్నాళ్లకే తడుస్తుంది.

ముందు ఏ మరక ఏ నూనెదో తేల్చుకోండి. తెల్ల టిష్యూ మీద ఒక్కో చోటి నుంచి ఒక్కో చుక్క తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ మసి పట్టి నల్లగా ఉంటుంది, కాగితం మీద త్వరగా పాకుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి, ముక్కు పట్టేసే గంధకం వాసన కొడుతుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) అయితే ఎరుపు, పాతబడితే గోధుమ రంగుకి తిరుగుతుంది. పవర్ స్టీరింగ్‌లో కూడా చాలా బండ్లకు ఏటీఎఫే పోస్తారు కాబట్టి ఎరుపు కనిపించగానే ట్రాన్స్‌ఫర్ కేస్ అనుకోవద్దు.

నల్ల మరక సంగతి. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే డబ్బా) అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి ఇంజిన్ ఆయిల్ వస్తే వెనక క్రాంక్ సీలు, గేర్ ఆయిల్ వస్తే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీలు అనుకోవాలి. అయితే వాల్వ్ కవర్ ప్యాకింగ్ వెనక మూల కారినా ఆ నూనె ఇంజిన్ వెనక వైపు గోడ మీదుగా జారి సరిగ్గా అక్కడే చుక్క పడుతుంది. అదైతే పై నుంచే అయిపోయే పని. క్రాంక్ సీలైతే గేర్‌బాక్స్ దించక తప్పదు. టార్చి వేసి కింద నుంచి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు.

లోరేంజ్

పాతబోల్టు గారు చెప్పింది కరెక్ట్. ఇప్పుడున్న జిడ్డు మీద ఎవరూ ఏమీ చెప్పలేరు. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు పల్చగా చల్లండి. ఇంజిన్ ఆన్ చేసి నిలబెట్టి ఒకసారి చూడండి. తర్వాత కొంచెం దూరం తిప్పి మళ్లీ చూడండి. పౌడరు మీద మొదట తడి గీత ఎక్కడ మొదలైందో అదే మూలం.

నడిచే బండిలో గాలి నూనెని వెనక్కి తోస్తుంది. కాబట్టి తడిసిన భాగాల్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నది ఏదో దాన్నే అనుమానించాలి. గేర్‌బాక్స్ కారితే ట్రాన్స్‌ఫర్ కేస్ మొత్తం తడిసిపోయి, తప్పంతా దానిదే అన్నట్టు కనిపిస్తుంది.

రాత్రికి కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. పొద్దున్నే చుక్కల స్థానం చూస్తే బండి కింద ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. దీనికీ లొంగకపోతే నూనెలో కలిపే యూవీ డై దొరుకుతుంది, ఆ లైటు వేస్తే లీకు మెరుస్తూ కనిపిస్తుంది.

రాత్రిడ్యూటీ

ఇంత గొడవ ఎందుకు బ్రో? లీక్ స్టాప్ డబ్బా ఒకటి పోస్తే సరి. నేను పోశాను, కారడం తగ్గింది.

పాతబోల్టు

తగ్గి ఉండొచ్చు, కాదనను. అందులో ఉండేది రబ్బరుని ఉబ్బించి మెత్తబరిచే మందు. వయసు మీద పడి గట్టిపడ్డ సీలుకి అది కొన్నాళ్లు పనిచేస్తుంది. షాఫ్ట్ మీద గాడి పడినా, బేరింగ్ ఆడుతున్నా, బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయినా ఏ డబ్బా ఏమీ చేయలేదు. ఇక క్లచ్ ప్లేట్లుండే లిమిటెడ్ స్లిప్ డిఫ్‌లో (ఒక చక్రమే ఊరికే తిరగకుండా ఆపే రకం), ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో అయితే అసలు వద్దంటాను. అక్కడ నూనెలో రాపిడి గుణం లెక్క ప్రకారం ఉండాలి, అందులో ఇంకేదో కలిపి ప్రయోగం చేయకూడదు.

పానాపిల్ల

ఎర్రదుమ్ము గారూ, కిందికి దూరే ముందు ఒక మాట. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే గేర్‌బాక్స్ ఏ గేర్‌లో ఉన్నా బండి దొర్లుతుంది. ఆటోమేటిక్‌లో పార్క్ వేసినా అంతే. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పినా గేర్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ లాంటి వాటిలో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ములో ఉంటుంది. వెనక షాఫ్ట్ విప్పారా, హ్యాండ్ బ్రేక్ కూడా పోయినట్టే. అందుకే చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టలు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే పని. జాకీ మీద ఉన్న బండి కిందికి అసలు దూరొద్దు.

ఇంకోటి. నూనె దించే ముందు నింపే నట్టు ఊడుతుందో లేదో చూసుకోండి. ఎప్పుడూ పైనట్టే ముందు. డ్రెయిన్ నట్టు తీసి నూనంతా కార్చేశాక ఫిల్లర్ నట్టు తుప్పు పట్టి కదలకపోతే, బండి ఉన్నచోటే ఉండిపోతుంది.

ఎర్రదుమ్ము

అందరికీ థ్యాంక్స్. కడిగి, పౌడరు చల్లి, అట్ట పరిచి చూశాను. తేలింది ఇదీ.

నల్ల మరక ఇంజిన్ ఆయిలే. పౌడరు మీద గీత వాల్వ్ కవర్ వెనక మూల నుంచే మొదలైంది, బెల్ హౌసింగ్ రంధ్రం మాత్రం పొడిగా ఉంది.

వింతేమిటంటే, గేర్‌బాక్స్ ఫిల్లర్ నట్టు తీసి వేలు పెడితే నూనె అందలేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ నట్టు లూజు చేయగానే మాత్రం బుడబుడమంటూ బయటికి వచ్చేసింది, ఆగదే! నేనైతే ఏమీ పోయలేదు. ఎవరో ఎక్కువ పోశారా?

వెనక డిఫ్ మూతి దగ్గర చెమ్మ పట్టి చుక్క కడుతోంది. హౌసింగ్ మీద బ్రీదర్ ఎక్కడుందో కనిపించడం లేదు, అంతా ఎండిన మట్టి పెళ్లలు.

గేర్‌గీత

ఎవరూ ఎక్కువ పోయలేదు. మీ గేర్‌బాక్స్ నూనె ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి వలస పోయింది. రెండింటికీ మధ్య షాఫ్ట్ మీద ఒక సీలు ఉంటుంది. అది అరిగితే నూనె బయట పడకుండా లోపల్లోపలే అటు దాటిపోతుంది. బయటికి లీకు కనపడదు, కింద మరక ఉండదు. ఇటు గేర్‌బాక్స్ ఎండిపోతూ ఉంటుంది, అటు ట్రాన్స్‌ఫర్ కేస్ నిండి పొంగి తన అవుట్‌పుట్ సీళ్లలోంచో బ్రీదర్‌లోంచో కక్కుతుంది. మీరు చూస్తున్న రెండో మరక అదే అయ్యుండాలి.

ఇక్కడే చాలామంది అవుట్‌పుట్ సీలు మార్పించి సంబరపడతారు. లెవెల్ సరిచేయలేదు కాబట్టి మళ్లీ కారుతుంది. ఈలోగా గేర్‌బాక్స్‌లో నూనె లేక బేరింగులు అరవడం మొదలెడతాయి.

రెండూ ఖాళీ చేసి, రెండింటిలో సరిగ్గా నింపి, కొంతకాలం తిప్పాక మళ్లీ రెండు నట్లూ తీసి చూడండి. చదునైన నేల మీద నిలబెట్టి, నూనె ఫిల్లర్ రంధ్రం కింది అంచు వరకు వస్తే చాలు. నూనె ఎంత నెమ్మదిగా దాటుతోందో తెలిస్తే, సీలు ఇప్పుడే మార్చాలా లేక లెవెల్ చూసుకుంటూ కొన్నాళ్లు లాగొచ్చా అన్నది నిర్ణయించుకోవచ్చు. సీలు మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ కేస్ దించాలి, కొన్ని బండ్లలో గేర్‌బాక్స్‌తో కలిపి దించాల్సి వస్తుంది.

ఏ నూనె పోయాలో మాత్రం మాన్యువల్ చూసి పోయండి. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) అడిగితే జీఎల్-5 ఎక్కువ మంచిదేమో అని పోయకండి. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం, ఫాస్ఫరస్ మందులు డిఫ్‌లో హైపాయిడ్ (గట్టిగా రాసుకుంటూ తిరిగే) పళ్లను కాపాడతాయి. అవే ఇత్తడి సింక్రో రింగులను (గేరు సాఫీగా పడేలా చేసేవి) తినేసే ప్రమాదం ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ గొలుసుదైతే చాలావరకు ఏటీఎఫ్, గేర్లదైతే సాధారణంగా గేర్ ఆయిల్. రెండింట్లో వేర్వేరు నూనెలు ఉండాల్సిన బండిలో ఈ మధ్య సీలు పోతే రెండూ కలిసిపోయి ఇంకో తలనొప్పి.

డిఫ్‌లాక్

వెనక డిఫ్ గురించి నేను చెప్తాను. ఆ మట్టి పెళ్లల కిందే బ్రీదర్ ఉంటుంది, హౌసింగ్ గొట్టం పైభాగంలో ఎక్కడో. చిన్న టోపీలా ఉండొచ్చు, లేదా రబ్బరు పైపు ఛాసిస్ వైపు వెళ్తుండొచ్చు. విప్పి, శుభ్రం చేసి, నోటితో ఊది చూడండి. ఊపిరి ఆడకపోతే మీ లీకుకి సగం జవాబు దొరికినట్టే.

బండి నడిచినప్పుడు లోపలి నూనె, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ గాలికి దారి లేకపోతే ఆ ఒత్తిడి పినియన్ (షాఫ్ట్ బలాన్ని డిఫ్‌లోకి తెచ్చే చిన్న గేరు) సీలు, యాక్సిల్ సీళ్ల లిప్పుల (లోపలి అంచుల) మీద పడుతుంది, నూనెని బయటికి నెడుతుంది. ఇది తిరగబడ్డా ప్రమాదమే. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బ్రీదర్‌లోంచి గానీ సీలు లిప్పులోంచి గానీ నీళ్లను లోపలికి పీలుస్తుంది. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. అది వెంటనే దించేయాలి, "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనకూడదు. నీళ్లలో దిగే బండికి బ్రీదర్ పైపుని ఇంజిన్ గదిలోకో, వెనక లైటు ఎత్తుకో లాగి పెట్టుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే మంచి పని.

బ్రీదర్ బాగుచేసి, లెవెల్ చూసి, తుడిచి కొన్నాళ్లు తిప్పండి. అప్పుడూ కారితే షాఫ్ట్ విప్పి పినియన్ ఫ్లాంజ్‌ని (షాఫ్ట్ వచ్చి బిగిసే పళ్లెం) చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. ఏ మాత్రం ఆడినా అది బేరింగ్ కథ, సీలు మార్చి లాభం లేదు. కాస్త గుండ్రంగా తిరగడం మాత్రం పళ్ల మధ్య సందు, అది సహజం, కంగారు పడొద్దు. క్రాస్ జాయింట్లు (ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసల్లోని కీళ్లు) కూడా చూడండి. అరిగిన క్రాస్ వల్ల వచ్చే వైబ్రేషన్ సీలుని ఊరికే తినేస్తుంది.

కొత్తగా_వచ్చా

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ల్యాండ్ క్రూజర్ 80. ముందు చక్రం వెనక గుండ్రటి బంతి మీద నుంచి నల్లగా, పల్చని గ్రీజులాంటిది కారుతోంది. ఇదీ బ్రీదరేనా?

డిఫ్‌లాక్

బ్రీదర్ చూడండి, కానీ అదొక్కటే సరిపోకపోవచ్చు. ఆ బంతి ఉన్న నకిల్ (చక్రం పక్కకి తిరిగే కీలు) లోపల జాయింట్‌కి గ్రీజు ఉంటుంది. దాన్నీ డిఫ్ నూనెనీ వేరుచేసేది హౌసింగ్ కొసలో ఉండే లోపలి యాక్సిల్ సీలు. అది పోతే గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించి, బంతి మీది వైపర్ సీలు దాటించి బయటికి తోస్తుంది. వైపర్ సీలు మార్చి ఊరుకుంటే లోపలి జబ్బు అలాగే ఉంటుంది. నకిల్ మొత్తం విప్పి కడిగి, లోపలి సీలు, కింగ్‌పిన్ బేరింగులు, కొత్త గ్రీజు, వైపర్ సీళ్లు అన్నీ ఒకేసారి చేయాలి. రోజంతా పట్టే పని, బట్టలు పాడయ్యే పని.

చాలా జీపుల్లో ఉండే డానా 30, డానా 44 ముందు యాక్సిల్ వాళ్లకు ఇంకో తిప్పలు. వాటి లోపలి సీళ్లు డిఫ్ పక్కనే ఉంటాయి, క్యారియర్ (డిఫ్ లోపలి గేర్ల గూడు) బయటికి తీస్తే గానీ అందవు.

పానాపిల్ల

వెనక యాక్సిల్ సీలు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఈ లీకుల్లో ప్రాణం మీదికి తెచ్చేది అదే. చక్రం లోపలి వైపు టైరు మీద నూనె చారలు కనిపించినా, ఒక వైపు బ్రేకు సరిగా పట్టకపోయినా డ్రమ్ము విప్పి చూడాల్సిందే. గేర్ ఆయిల్ తాగిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్లీ వేసే మహానుభావులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లైనింగ్ లోపలికి ఇంకిన నూనె వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది. రెండు వైపులా షూలు మార్చాలి, ఒక వైపే కాదు.

ఇసుకదారి

మరక లేకుండా నూనె మాయమయ్యే కేసులు ఇంకా రెండు ఉన్నాయి. ఎన్‌పీ246 లాంటి ట్రాన్స్‌ఫర్ కేస్ ఉన్న జీఎం (జనరల్ మోటార్స్) ట్రక్కుల్లో లోపలి ఆయిల్ పంపు కదులుతూ కదులుతూ మెగ్నీషియం కేస్ వెనక సగాన్ని లోపల నుంచి రాస్తుంది. చివరికి సూదిమొనంత రంధ్రం పడుతుంది. అది పైభాగంలో ఉంటుంది కాబట్టి నిలబెట్టినప్పుడు చుక్క పడదు, నడిచేటప్పుడే చిమ్ముతుంది. మరక లేదని ధీమాగా ఉంటే దారిలో కేస్ కాలిపోతుంది. కేస్ వెనక భాగం, దాని పైనున్న బాడీ అడుగు సన్నటి తుంపర పడ్డట్టు తడిగా ఉంటే అనుమానించండి. అన్నట్టు ఎన్‌పీ246కి పోసే ఆటోట్రాక్ 2 నూనె నీలం రంగు, ఎరుపు కోసం వెతక్కండి.

రెండోది, వాక్యూమ్‌తో ముందు యాక్సిల్ కలిపే కొన్ని పాత ట్రక్కుల్లో ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న స్విచ్చి. అది లోపల లీకైతే ఏటీఎఫ్ వాక్యూమ్ పైపుల్లోకి ఎక్కి ఏసీ కంట్రోళ్ల దాకా పోతుంది. పైపు ఊడదీసి చూస్తే లోపల ఎర్రగా తడి ఉంటుంది.

ఎర్రదుమ్ము

అప్‌డేట్. బ్రీదర్ దొరికింది, రాయిలా గట్టిపడింది. శుభ్రం చేశాక కొన్నాళ్లు తిప్పాను. వెనక చుక్క బాగా తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. ఫ్లాంజ్ ఆడటం లేదు. డ్రెయిన్ నట్టు అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంది, ముక్కలేమీ లేవు. వాల్వ్ కవర్ ప్యాకింగ్ మార్చాను, బెల్ హౌసింగ్ కింద అట్ట ఇప్పుడు పొడిగా ఉంది. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ లెవెల్స్ సరిచేశాను, నూనె దాటడం నెమ్మదిగానే ఉంది.

పినియన్ సీలు నేనే మార్చుకోవచ్చా? నట్టు ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే సరిపోతుందా?

డిఫ్‌లాక్

ఆ పేస్టు మామూలు అరుగుదలే, పెంకులు వస్తే భయపడాలి. మార్చుకోవచ్చు, కానీ గన్ పక్కన పెట్టండి.

ఆ నట్టు ఫ్లాంజ్‌ని పట్టడమే కాదు, పినియన్ బేరింగుల ప్రీలోడ్‌ని (ముందే ఇచ్చే బిగువుని) కూడా అదే నిర్ణయిస్తుంది. చాలా డిఫ్‌లలో లోపల క్రష్ స్లీవ్ అని నలిగే గొట్టం ఉంటుంది. అది నలిగిన మేరకే బిగువు. గన్‌తో ఎక్కువ నలిపేశాక నట్టు వెనక్కి తిప్పితే గొట్టం తిరిగి సాగదు, బేరింగ్ లూజవుతుంది. అప్పుడు కొత్త స్లీవ్ తప్ప దారి లేదు.

వెనక చక్రాలు ఎత్తి, డ్రమ్ములు తీసేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాక, నట్టు ముట్టుకోకముందే ముల్లున్న చిన్న టార్క్ పానాతో పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతుందో కొలిచి రాసుకోండి. నట్టుకీ, షాఫ్ట్ కొనకీ, ఫ్లాంజ్‌కీ కలిపి పంచ్‌తో గుర్తు కొట్టండి. బిగించేటప్పుడు కొంచెం కొంచెం తిప్పుతూ మధ్య మధ్యలో కొలవండి. పాత రీడింగ్‌కి చేరి, దాని కంటే ఒక వెంట్రుకవాసి దాటగానే ఆపండి. స్లీవ్ బదులు షిమ్‌లు (పల్చటి ఇనుప బిళ్లలు) ఉండే డిఫ్ అయితే మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించేయొచ్చు. మీది ఏదో ముందే తెలుసుకోండి.

ఫ్లాంజ్ బయటికి వచ్చాక సీలు రాసుకునే చోట గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు తగులుకుంటే గాడి పడింది. అప్పుడు దాని మీద పల్చటి స్టీలు రిపేర్ స్లీవ్ ఎక్కించాలి, లేదా కొత్త ఫ్లాంజ్. లేదంటే సీలుని కొద్దిగా తేడా లోతులో కూర్చోబెడితే లిప్పు గాడి పక్కన మంచి చోట ఆనుతుంది.

గేర్‌గీత

ఇంకో రెండు ముక్కలు. కొత్త సీలు లోపలి స్ప్రింగ్ దగ్గర కొంచెం గ్రీజు నింపండి, కొట్టేటప్పుడు ఎగిరిపోకుండా. లిప్పుకి నూనె రాయండి, పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే కాలుతుంది. సీలు కొలతకి సరిపోయే గుండ్రటి సాకెట్ పెట్టి చుట్టూ సమానంగా తట్టండి. ఒక వైపు వంకర పడితే తీసేసి కొత్తది వేయడమే.

ఫ్లాంజ్ స్ప్లైన్ పళ్ల మీద, వాషర్ కింద పల్చగా సిలికాన్ సీలెంట్ పూయండి. సీలు బాగున్నా స్ప్లైన్ల సందులోంచి పాకి నట్టు దగ్గర నూనె తేలడం చాలా డిఫ్‌లలో ఉంది. మనం సీలుని తిట్టుకుంటూ ఉంటాం.

ఎర్రదుమ్ము

ఫ్లాంజ్ మీద గోరు తగులుకుంటోంది, గాడి ఉంది. రిపేర్ స్లీవ్, సీలు, కొత్త నట్టు తెప్పిస్తున్నాను. ట్రాన్స్‌ఫర్ కేస్ మధ్య సీలు మాత్రం క్లచ్ ప్లేటు మార్చే వరకు ఆపేస్తున్నా, అప్పుడు ఎలాగూ అన్నీ దించాలి కదా. అప్పటి దాకా ఇంజిన్ ఆయిల్ మార్చే ప్రతిసారీ రెండు ఫిల్లర్ నట్లూ తీసి లెవెల్ చూసుకుంటాను. ఇలా నడపొచ్చంటారా?

గేర్‌గీత

నడపొచ్చు. మొదట్లో కాస్త తరచుగా చూడండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పెరిగింది తీసేసి, గేర్‌బాక్స్‌లో తగ్గింది కొత్త నూనెతో నింపండి. తీసినదే ఇందులో పోయకండి. నాలుగో గేర్ తప్ప మిగతా గేర్లలో కొత్తగా మోత మొదలైతే ఇంక క్లచ్ కోసం ఆగకుండా దించేయండి. చాలా గేర్‌బాక్సుల్లో నాలుగో గేర్ డైరెక్ట్ (బలం నేరుగా దాటిపోతుంది), అందులో లోపలి షాఫ్ట్ బేరింగుల మీద బరువు పడదు.